జవాబులు చెప్పని కోచ్‌లు కావాలి

తెలుగునాట కోచింగ్ అనగానే ఎంసెట్ ర్యాంకు, అమీర్‌పేట హాస్టల్ గది, తెల్లవారకముందే మొదలయ్యే స్టడీ అవర్ గుర్తొస్తాయి. కోచ్ అంటే మైదానంలో ఈల పట్టుకుని తిరిగే మనిషి. అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో గత ఇరవయ్యేళ్లుగా వినిపిస్తున్న కోచ్ అనే మాటకు ఈ రెంటితోనూ చుట్టరికం లేదు. ఈ కోచ్ పాఠం చెప్పడు, పరీక్షకు తయారు చేయడు, చాలాసార్లు విద్యార్థిని కలవడు కూడా. ఆయన శిష్యరికంలో ఉన్నది కాలేజీయే. అధ్యక్షుడు, డీన్లు, లెక్కల విభాగం, రిజిస్ట్రార్ ఆఫీసు అన్నీ కలిసి ఒక సంస్కరణను నెత్తికెత్తుకున్నప్పుడు, బయటినుంచి వచ్చి ఏడాదికి కొన్ని రోజులు వాళ్లతో కూర్చుని వెళ్లే మనిషి. అలాంటి వాళ్లను ఎక్కడ వెతకాలి, ఎలా తయారు చేయాలి అన్నది అక్కడ ఇంకా తేలని ప్రశ్న. ఇప్పటిదాకా దొరికిన జవాబుల్లో సగం పొరపాట్ల నుంచి నేర్చుకున్నవే.

ముందు కాలేజీల సంగతి. అమెరికాలో సుమారు వెయ్యి కమ్యూనిటీ కాలేజీలున్నాయి. 1901లో ఇల్లినాయ్‌లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీని వీటికి పెద్దక్కగా చెబుతారు. రెండేళ్ల డిగ్రీ, తక్కువ ఫీజు, అడిగిన వాళ్లందరికీ సీటు. డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు కాలిన్ కాలేజీ పేరు, బే ఏరియా వాళ్లకు డి ఆంజా పేరు కొత్త కాదు. హైస్కూలు పిల్లలు డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకూ కాలేజీకీ రెంటికీ లెక్కకొచ్చే కోర్సులు) కోసం, హెచ్-4 వీసా మీద వచ్చిన వాళ్లు ఒకటి రెండు కోర్సుల కోసం ఆ మెట్లు ఎక్కుతుంటారు. అయితే ఈ కాలేజీల అసలు భారం వేరే చోట ఉంది. రాత్రి షిఫ్టు చేసి పొద్దున క్లాసుకొచ్చే వాళ్లు, పిల్లల తల్లులు, ఇంటిల్లిపాదిలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన వాళ్లు ఇక్కడ ఎక్కువ. ఇలా చేరిన వాళ్లలో ఆరేళ్లు గడిచేసరికి ఎక్కడో ఒకచోట ఏదో ఒక డిగ్రీనో సర్టిఫికెట్టో పూర్తి చేస్తున్నది నూటికి సుమారు 43 మంది. తలుపు అందరికీ తెరిచే ఉంది, గట్టెక్కుతున్నది మాత్రం సగం కన్నా తక్కువ మంది.

ఈ అంకెను మార్చాలనే 2004లో ఉన్నత విద్యకు విరాళాలిచ్చే లూమినా ఫౌండేషన్ మరికొన్ని సంస్థలతో కలిసి అచీవింగ్ ద డ్రీమ్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఫ్లోరిడా, న్యూమెక్సికో, నార్త్ కరోలినా, టెక్సాస్, వర్జీనియా రాష్ట్రాల నుంచి తొలి విడతలో 27 కాలేజీలు చేరాయి. ఒక్కొక్కదానికి అయిదేళ్లలో సుమారు 4,50,000 డాలర్లు అందాయి. డబ్బు వెంట ఇద్దరు మనుషులు కూడా వచ్చారు. ఇప్పటి పేర్లతో చెబితే ఒకరు లీడర్‌షిప్ కోచ్, ఎక్కువగా రిటైరైన కమ్యూనిటీ కాలేజీ అధ్యక్షులు. రెండోవారు డేటా కోచ్, గణాంకాలతో తలపండిన పరిశోధకులు. ఒకరు పై అంతస్తు తలుపు తెరిపిస్తారు, మరొకరు ఆ గదిలో పట్టిక విప్పి చూపిస్తారు. జోడీ బాగా కుదిరిందనే అనిపించింది.

ఎంతవరకు కుదిరిందో 2011లో తెలిసింది. చివరిదాకా ఉన్న 26 కాలేజీలను ఎండీఆర్సీ అనే పరిశోధన సంస్థ, కొలంబియా విశ్వవిద్యాలయంలోని కమ్యూనిటీ కాలేజీ రిసెర్చ్ సెంటర్ కలిసి అయిదేళ్లపాటు గమనించాయి. కాలేజీలు డేటా చూడటం నేర్చుకున్నాయి, కమిటీలు వేశాయి, కొత్త ప్రయోగాలు మొదలుపెట్టాయి. విద్యార్థుల ఫలితాల గీత మాత్రం ఒకటి రెండు చోట్ల తప్ప దాదాపు ఉన్నచోటే ఉంది. ప్రయోగాల్లో ఎక్కువ భాగం కొద్దిమంది విద్యార్థుల దగ్గరే ఆగిపోయాయి. వేలమంది ఉన్న కాలేజీలో నలభై మందికి మంచి సెమినార్ నడిపితే ఆ నలభై మందికీ మేలే, కాలేజీ సగటు మాత్రం కదలదు.

తప్పంతా కోచ్‌ల మీద తోసేస్తే అన్యాయం. కానీ నియామకం తీరులోనే ఒక చిక్కు ఉంది. మాజీ అధ్యక్షుడు వస్తే ప్రస్తుత అధ్యక్షుడు వింటాడు, పదవిలో ఉండే ఒంటరితనం ఇద్దరికీ తెలుసు. లెక్కల విభాగంలో పాతికేళ్లుగా పాఠం చెబుతున్న ఆవిడ మాత్రం అదే మనిషిని చూసి, ‘మా పెద్దాయనకు స్నేహితుడంట’ అని చేతులు కట్టుకుని కూర్చుంటుంది. విద్యార్థి కాలేజీ మానేయాలో వద్దో తేలేది ఆవిడ క్లాసులో, రిజిస్ట్రేషన్ కౌంటర్లో, ఫీజు సాయం ఆఫీసు ముందున్న క్యూలో. అక్కడికి అధ్యక్షుడి గదిలోంచి నేరుగా దారి లేదు.

పైగా ఆ అధ్యక్షులైనా ఎన్నాళ్లుంటారు? అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సర్వేల్లో, అన్ని రకాల కాలేజీలనూ కలిపి చూస్తే, పదవిలో ఉన్న అధ్యక్షుల సగటు కాలం 2006లో 8.5 ఏళ్లు. 2022 నాటికి అది 5.9కి దిగింది. సంస్కరణ పండటానికి అయిదారేళ్లు పడుతుంది. కోచ్ బంధమంతా అధ్యక్షుడితోనే ఉంటే, ఆయన రాజీనామా చేసిన రోజే సంస్కరణ కూడా సర్దుకోవాలి. ఇలాంటి పనులు ఆరంభశూరత్వంగా మిగిలిపోవడానికి ఇంతకన్నా సూటి కారణం ఇంకొకటి లేదేమో.

ఎవరిని వెతకాలి

2015 తర్వాత పని స్వభావమే మారింది. థామస్ బెయిలీ, షానా స్మిత్ జాగర్స్, డేవిస్ జెంకిన్స్ అనే పరిశోధకులు అసలు లోపం కాలేజీ అల్లికలోనే ఉందని వాదించారు. వాళ్లు దానికి పెట్టిన పేరు కెఫెటీరియా పద్ధతి. వందల కోర్సులు బల్లమీద పరిచి, ఏది తినాలో ఎంత తినాలో విద్యార్థినే తేల్చుకోమనడం. దానికి విరుగుడుగా వచ్చిన గైడెడ్ పాత్‌వేస్‌లో నాలుగు మెట్లున్నాయి: దారి స్పష్టంగా గీయడం, విద్యార్థిని త్వరగా ఆ దారిలోకి తేవడం, తప్పిపోకుండా చూడటం, నిజంగా నేర్చుకుంటున్నాడో లేదో కనిపెట్టడం. కమ్యూనిటీ కాలేజీల జాతీయ సంఘం దీన్ని ముందుగా 30 కాలేజీలతో మొదలుపెట్టింది. కాలిఫోర్నియా 2017లో దీనికే 15 కోట్ల డాలర్లు కేటాయించింది.

నలభై మంది సెమినార్‌కూ దీనికీ హస్తిమశకాంతరం. ఇందులో ప్రతి విభాగం తన కోర్సుల వరుసను మార్చుకోవాలి. ఏ కోర్సు తీసుకోవాలో విద్యార్థికి చెప్పే అడ్వైజర్ల పని తిరగరాయాలి. రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ కూడా మారాలి. చాలా సంస్కరణలకు ఊపిరి ఆగేది ఇక్కడే. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించిన డిగ్రీ ప్రణాళిక కంప్యూటర్ తెరమీద కనబడకపోతే విద్యార్థి లెక్కలో అది లేనట్టే. అందుకే కోచ్ కోసం వెతికేవాళ్లు రిజిస్ట్రార్లను, ఆర్థిక సాయం విభాగాన్ని నడిపిన వాళ్లను, అడ్వైజింగ్ పెద్దలను, సొంత విభాగంతో పోట్లాడి కోర్సు మార్పించిన అధ్యాపకులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మాజీ అధ్యక్షులను వద్దనక్కర్లేదు, వాళ్లొక్కరే చాలరు. అధ్యక్షుల జాబితా నుంచే ఏరితే ఇంకో ఇరుకు కూడా ఉంది. 2022 సర్వేలో కూడా కాలేజీ అధ్యక్షుల్లో మహిళలు మూడోవంతే, శ్వేతజాతీయులు కాని వాళ్లు అంతకన్నా తక్కువ. కాలేజీ బెంచీల మీద కూర్చున్న ముఖాలు ఈ లెక్కలో లేవు.

ఊరివాడా పొరుగువాడా అన్నది మరో ప్రశ్న. మొదట్లో కోచ్ విమానం దిగి వచ్చే జాతీయ స్థాయి మనిషి. తర్వాత టెక్సాస్, మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాల్లో అక్కడి కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ తోడ్పడే స్టూడెంట్ సక్సెస్ సెంటర్లు వచ్చాక సొంత రాష్ట్రంలోనే కోచ్‌లను తయారు చేసుకునే ఆలోచన బలపడింది. దీనికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. కాలేజీలకు డబ్బు ఏ సూత్రం మీద వస్తుందో, విశ్వవిద్యాలయం ఏ క్రెడిట్ ఒప్పుకుంటుందో రాష్ట్రానికొక తీరు. టెక్సాస్ 2023లో తెచ్చిన హెచ్‌బీ 8 చట్టంతో కమ్యూనిటీ కాలేజీల నిధులు చేరిన విద్యార్థుల సంఖ్య మీద కాక, ఎక్కువగా వాళ్లు సాధించిన ఫలితాల మీద ఆధారపడటం మొదలైంది. హైస్కూలు విద్యార్థి డ్యూయల్ క్రెడిట్‌లో 15 క్రెడిట్ గంటలు పూర్తిచేస్తే అదీ కాలేజీ ఖాతాలో ఒక ఫలితమే. ఫ్రిస్కోలో తెలుగు పిల్లలు రాస్తున్న కోర్సులకు కూడా ఈ లెక్కలో చోటుంది. ఈ సంగతి తెలియని కోచ్ ఆ రాష్ట్రంలో ఎంత మంచి మాట చెప్పినా కర్ర విడిచి సాము చేసినట్టే. అటు సొంత రాష్ట్రం మనిషికి ఇంకో ఇబ్బంది. నిన్నటిదాకా పక్క కాలేజీలో డీన్‌గా ఉండి, ఇదే కాలేజీతో విద్యార్థుల కోసం పోటీపడిన వ్యక్తికి ఎవరు మనసు విప్పుతారు? దూరం నుంచి ఒకరిని, దగ్గర నుంచి ఒకరిని జతచేయడం ఖర్చుతో కూడినదైనా మెరుగైన దారిగా కనిపిస్తుంది.

ఎంపికలో బయోడేటా కన్నా ఎక్కువ చెప్పే ప్రశ్న ఒకటుంది: ‘మీరు మొదలుపెట్టి, కూలిపోయిన మార్పు ఒకటి చెప్పండి.’ విజయాల జాబితా తెచ్చుకున్న అభ్యర్థి ఇక్కడ తడబడతాడు, లేదా తప్పంతా అధ్యాపకుల సంఘం మీదా బోర్డు మీదా నెట్టేస్తాడు. తను ఎక్కడ తొందరపడ్డాడో, ఎవరిని అడగకుండా ముందుకెళ్లాడో చెప్పగలిగిన వాళ్లు అరుదు. ఎదుటి కాలేజీ అదే గుంటలోకి నడుస్తున్నప్పుడు దాన్ని పసిగట్టేది వాళ్లే. నోరు పారేసుకోని మనిషై ఉండాలన్నది చెప్పనక్కర్లేదు.

శిక్షణ అంటే లెక్క చేయించడం

చాలాచోట్ల కోచ్‌ల శిక్షణ రెండు రోజుల ఓరియెంటేషన్‌తో ముగుస్తుంది. కార్యక్రమం చరిత్ర, నాలుగు మెట్ల బొమ్మ, అందమైన ఫోల్డర్, భోజనం. ఆ తర్వాత అనుభవం ఉన్నవాళ్లే కదా, వాళ్లే చూసుకుంటారన్న ధీమా. ముప్పయ్యేళ్లు జవాబులు చెప్పడమే ఉద్యోగంగా బతికిన మనిషికి జవాబు మింగేయడం నేర్పాలంటే రెండు రోజులు ఏ మూలకు?

లెక్కల పునాది కోర్సుల సంగతే తీసుకుందాం. ప్రవేశ పరీక్షలో తక్కువ మార్కులొచ్చిన వాళ్లను కాలేజీ స్థాయి లెక్కల కన్నా కింద ఒకటో రెండో మూడో మెట్లలో కూర్చోబెట్టడం చాలాకాలం నడిచిన పద్ధతి. ఫీజు కట్టాలి, డిగ్రీకి క్రెడిట్ మాత్రం రాదు. అచీవింగ్ ద డ్రీమ్ కాలేజీల డేటా మీదే బెయిలీ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, లెక్కల పునాది కోర్సులకు పంపిన వాళ్లలో ఆ వరుసను పూర్తిచేసింది 33 శాతం.

ఇప్పుడు ఒక ఊహాలెక్క. కింది మెట్టులో వెయ్యి మంది చేరారు. ప్రతి మెట్టులోనూ నూటికి 70 మంది పాసవుతున్నారు. పాసైన వాళ్లలో నూటికి 80 మంది పై మెట్టుకు పేరు నమోదు చేసుకుంటున్నారు. ఏ అధ్యాపకుణ్ని అడిగినా ‘మా క్లాసులో 70 శాతం పాస్, ఇంకేం కావాలి?’ అంటాడు. ఆయన తప్పేమీ లేదు. గుణించుకుంటూ పోతే రెండో మెట్టుకు చేరేది 560 మంది, మూడో మెట్టుకు 314, కాలేజీ లెక్కల గది దాకా వచ్చేది 176, అందులో పాసయ్యేది 123. వెయ్యిలో 877 మంది ఎక్కడో జారిపోయారు. అయినా ఎవరి క్లాసూ ఘోరంగా లేదు.

కొత్త కోచ్ ఈ 123ను పెద్ద అక్షరాల్లో స్లైడ్ మీద వేసి చూపిస్తాడు. గదిలో గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. ‘మీ లెక్కలో పార్ట్‌టైమ్ వాళ్లను కలిపారా?’, ‘వాళ్ల హైస్కూలు పునాదే బాగాలేదు’, ‘ఇది ఏ ఏడాది డేటా?’ అంటూ సమావేశం అంకె మీద తగువుగా మారుతుంది. చేయి తిరిగిన కోచ్ ఖాళీ పట్టిక పంచుతాడు. ‘మీ కాలేజీలో ఒక్కో మెట్టు దగ్గర ఎంతమంది మిగులుతారని మీ అంచనా?’ అని అడుగుతాడు. అందరూ పెన్సిళ్లతో నింపాక రిజిస్ట్రార్ దగ్గరున్న అసలు అంకెలు పక్కన పెట్టిస్తాడు, చెప్పిస్తాడు తప్ప తను చెప్పడు. అంచనాకూ నిజానికీ మధ్య ఉన్న దూరాన్ని వాళ్లే చూసుకున్నాక ఎవరో ఒకరు ‘పాసైన వాళ్లలో నూటికి ఇరవై మంది మళ్లీ ఎందుకు రావడంలేదు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న గదిలోంచే రావాలి. దానికోసం పది నిమిషాల నిశ్శబ్దాన్ని భరించగలగడమే శిక్షణలో కష్టమైన పాఠం. చదివితే వచ్చేది కాదిది. తోటి కోచ్‌ల ముందు నటించి చూపాలి, తప్పులు పట్టించుకోవాలి. పాత కోచ్ వెంట రెండు మూడు సందర్శనలకు నోరు మెదపకుండా వెళ్లి రావాలి. సంగీతం నేర్చుకునే వాడు గురువు వెనక తంబురా పట్టుకుని కూర్చున్నట్టు.

జవాబు చెప్పకూడదంటే తెలియకూడదని కాదు. టెనెసీ 2015లో పునాది కోర్సుల మెట్లు తీసేసి, అందరినీ నేరుగా కాలేజీ లెక్కల్లో చేర్చి, పక్కనే తోడు క్లాసు పెట్టింది. ఏడాదిలో కాలేజీ లెక్కలు గట్టెక్కే పునాది విద్యార్థుల శాతం 12 దగ్గర నుంచి సగం దాకా పెరిగింది. కాలిఫోర్నియా 2017 నాటి ఏబీ 705 చట్టంతో అదే దారి పట్టింది. కోచ్‌కు ఇవన్నీ కంఠతా వచ్చి ఉండాలి. ‘మాలాంటి కాలేజీ ఎక్కడైనా చేసిందా?’ అని అడిగిన క్షణంలో చెప్పాలి, అడగకముందు మాత్రం కాదు.

శిక్షణలో ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం సందర్శన తర్వాత రాసే నివేదిక. అది ఎవరు చదువుతారు? డబ్బిచ్చిన ఫౌండేషన్ చదివితే కోచ్ కాస్తా తనిఖీ అధికారి అవుతాడు. ఆయన వచ్చే ముందురోజు కారిడార్లకు రంగులు పడతాయి. అధ్యక్షుడొక్కడే చదివితే అధ్యాపకుల దృష్టిలో ఆయన వేగు. ఏది ఎవరికి చేరుతుందో మొదటి సందర్శనలోనే అందరి ముందూ చెప్పి, ఆ మాట మీద నిలబడటం కోచ్ పరపతికి ప్రాణం. మన కాలేజీల్లో గ్రేడ్లిచ్చే నాక్ బృందం వచ్చే వారం ఎలా ఉంటుందో చూసిన వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. యూజీసీ 2019లో తెచ్చిన పరామర్శ్ పథకంలో నాక్ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు లేనివాటికి చేయూత ఇవ్వాలన్నారు. అక్కడా ఇదే మెలిక ఉంటుంది. లక్ష్యం గ్రేడైనప్పుడు గురు కాలేజీ నేర్పేది ఫైళ్లు సర్దడమే కావచ్చు.

విద్యార్థులతో నేరుగా పనిచేసే సక్సెస్ కోచ్‌లది వేరే కథ. దాన్ని ఇందులో కలిపేస్తే రెండూ చెడతాయి. వాళ్ల విషయంలో సాక్ష్యం బలంగానే ఉంది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం (క్యూనీ) 2007లో మొదలుపెట్టిన ఏశాప్ కార్యక్రమంలో ఒక్కో అడ్వైజర్‌కు విద్యార్థుల సంఖ్య బాగా తగ్గించారు. ట్యూషన్ ఫీజులో లోటు పూడ్చారు, పుస్తకాలకు సాయం, సబ్‌వే కార్డు కూడా ఇచ్చారు. లాటరీ పద్ధతిలో జరిగిన ఎండీఆర్సీ అధ్యయనంలో మూడేళ్లలో డిగ్రీ పొందిన వాళ్లు ఏశాప్‌లో 40 శాతం, మిగతా వాళ్లలో 22 శాతం. ఒహాయోలో మూడు కాలేజీలు అదే నమూనా తెచ్చుకున్నప్పుడు 35, 19 శాతం. ఒక మంచి నమూనా పరాయి రాష్ట్రంలో కూడా నిలబడిందంటే, తీసుకున్న కాలేజీలు ముక్కలు ఏరుకోకుండా మొత్తంగా తెచ్చుకోవడం, పక్కన చేయిపట్టి నడిపించేవాళ్లు ఉండటం అందుకు తోడ్పడ్డాయి. సంస్థాగత కోచ్ అవసరం సరిగ్గా ఆ ఇరుకులోనే. బడ్జెట్ బిగుసుకున్నప్పుడు ‘సబ్‌వే కార్డు తీసేద్దాం, మిగతాది ఉంచుదాం’ అనే గొంతు ప్రతి కాలేజీలోనూ లేస్తుంది.

ఇంత చేసినా కోచ్ కంటికి కనబడని మనుషులు కొందరున్నారు. కమ్యూనిటీ కాలేజీ అధ్యాపకుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైమ్. మొదటి సెమిస్టర్ ఇంగ్లిష్, మొదటి సెమిస్టర్ లెక్కలు చాలాచోట్ల వాళ్ల చేతుల్లోనే ఉంటాయి. విద్యార్థి నిలిచేదీ జారేదీ ఆ క్లాసుల్లోనే. కోచ్ వచ్చేది మంగళవారం మధ్యాహ్నం, సమావేశం రెండింటికి. అప్పటికి ఆ టీచరు ఈ కాలేజీలో పాఠం ముగించి ముప్పై మైళ్ల అవతల ఇంకో కాలేజీకి కారు నడుపుతూ ఉంటుంది. సమావేశానికి వచ్చినా ఆ గంటకు జీతం ఇచ్చే ఏర్పాటు ఉండకపోవచ్చు. అందుకే సందర్శన ఖరారు చేసుకునేటప్పుడే ‘ఒక సాయంత్రం, ఏడున్నర తర్వాత, వచ్చినవాళ్లకు గంటకింత అని చెల్లించి’ అని షరతు పెట్టే కోచ్ కావాలి. ఆ సాయంత్రం గదికి వచ్చేది అయిదుగురే కావచ్చు. పట్టికలో మాయమైన ఇరవై మంది ఎక్కడికి పోయారో వాళ్లకు పేర్లతో సహా తెలిసి ఉంటుంది.